కొలిమి అభిరుచి, కొలిమి కులవృత్తి

ఇనుమును ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, సుత్తెతో సాగగొట్టడం ఈనాడు అమెరికా, ఐరోపా దేశాలలో చదువుకున్న మధ్యతరగతి వారి అభిరుచి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్నవారు శని, ఆదివారాల్లో ఇంటి వెనుక షెడ్డులో గ్యాస్ కొలిమి వెలిగిస్తారు. పాత రైలు పట్టాల మేకును కత్తిగా మలుస్తారు. గోడకు బిగించే కొక్కెం, సీసా మూత తీసే పనిముట్టు, పొరలు పొరలుగా గీతలు తేలిన వంటింటి చాకు చేస్తారు. చేసినదాన్ని ఫొటో తీసి తోటివారికి చూపిస్తారు. ఏ ఉక్కు వాడారు, ఎంత వేడి చేశారు, నూనెలో చల్లార్చారా, నీటిలో చల్లార్చారా అని చర్చించుకుంటారు. ఉత్తర అమెరికాలో కళాత్మక కమ్మరుల సంఘం 1973లోనే ఏర్పడింది. కత్తులు చేసేవారి సంఘం 1976లో వచ్చింది. 2015లో మొదలైన 'ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్' అనే టెలివిజన్ పోటీ ఈ ఇష్టాన్ని ఇంటింటికీ చేర్చింది.

ఈ అభిరుచిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. చేతిపనిలోని ఆనందాన్ని ఒక సమాజం మళ్ళీ తెలుసుకోవడం మంచిదే. నా ప్రశ్న మన గురించి. అదే పనిని వందల ఏళ్లుగా చేసిన కమ్మరికి ఆ ఆనందమూ, ఆ గౌరవమూ ఎందుకు దక్కలేదు? ఒకే ఇనుము, ఒకే నిప్పు అయినప్పుడు కొట్టే చేయి ఎవరిదన్న దాన్ని బట్టి పని విలువ ఎందుకు మారుతోంది?

నేను కమ్మరి ఇంట పుట్టినవాణ్ణి. పెద్ద అంబర్‌పేట్‌లో ఉంటూ ఒక ఇంజనీరింగ్ కళాశాల వర్క్‌షాపులో పని నేర్పుతూ బతుకుతున్నాను. కొన్నాళ్ల క్రితం మా అధ్యాపకుల గదిలో ఒక పెద్దమనిషి, అమెరికాలో ఉన్న తన కొడుకు చేసిన చాకు ఫొటోను ఫోనులో అందరికీ చూపించారు. "మీవాడు ఆర్టిస్టు సార్" అన్నారు ఒకరు. "సాఫ్ట్‌వేర్ చేస్తూ ఇదెప్పుడు నేర్చాడు సార్" అని మరొకరు ఆశ్చర్యపోయారు. చాకు నిజంగా బాగుంది. నేనూ మెచ్చుకున్నాను. అదే గదిలో నన్ను కొత్తవారికి పరిచయం చేయవలసి వస్తే మాత్రం "మన స్మితీ ఆచారి" అంటారు. ఆ పరిచయంలో నా పేరు ఉండదు. నా పని, నా కులం కలిసి ఒక్క మాటగా మిగులుతాయి. ఇంజనీరు కొడుకు ఇనుము కొడితే అది అతని ప్రతిభ. కమ్మరి కొడుకు కొడితే అది అతని పుట్టుక. ప్రతిభకు చప్పట్లు కొడతారు. పుట్టుకకు కొట్టరు.

ఈ అభిరుచి కమ్మరులు అన్నింటికన్నా మిన్నగా తలచే ఉక్కు ఒకటి ఉంది. దాన్ని వారు 'వూట్జ్' అంటారు. కన్నడ, తెలుగు భాషల్లోని 'ఉక్కు' అన్న మాటే ఆంగ్లేయుల నోట అలా మారిందని ఎక్కువమంది పండితులు అంగీకరిస్తారు. డమాస్కస్ కత్తులుగా ప్రపంచంలో పేరు పొందిన ఆయుధాలకు ముడిసరుకు ఈ ఉక్కు ముద్దలే. వాటికి పేరు పడ్డ చోటు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. 1820ల నాటికి అక్కడ సాగుతున్న ఉక్కు తయారీని వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ కళ్లారా చూసి రాసిపెట్టాడు. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కొలత ప్రకారం కలిపేవారు. మట్టి మూసలో పెట్టి, మూత మూసి, గంటల తరబడి కొలిమిలో కాల్చేవారు. దక్షిణాది కొలుముల్లో చాలాచోట్ల ఆ మూసలో తంగేడు కట్టె కూడా వేసేవారు. ఇనుము బొగ్గు సారాన్ని తాగి ఉక్కుగా మారే రసాయన క్రియకు కావలసింది అదే. మన రాష్ట్ర పుష్పం పూసే చెట్టు ఒకప్పుడు ఉక్కు సూత్రంలో భాగమన్నమాట. ఆ ముద్దలు కొనడానికి పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు కోనసముద్రం దాకా వచ్చేవాడు.

ఆ ఉక్కు రహస్యం కోసం ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమించారు. బొంబాయి నుంచి వెళ్ళిన ముద్దల మీద జార్జ్ పియర్సన్ చేసిన పరిశీలనలు 1795లో రాయల్ సొసైటీ ద్వారా వెలువడ్డాయి. 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఇదే ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. ఫారడే ఎవరు? ఒక పేద కమ్మరి కొడుకు. వర్గ భేదాలు కరడుగట్టిన ఆ సమాజంలో ఆయన కూడా అవమానాలు పడ్డాడు. అయినా ప్రయోగశాల తలుపు ఆయనకు తెరుచుకుంది. 1824లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఆ ఉక్కును కనిపెట్టి, కాపాడి, ప్రపంచానికి అమ్మిన కోనసముద్రం కమ్మరి కొడుకు ఆ రోజుల్లో ఏ పాఠశాల మెట్లెక్కగలిగాడు? పుస్తకాలలో నిలిచిన పేర్లు పియర్సన్‌వి, వాయ్సీవి, ఫారడేవి. కొలిమి ముందు కూర్చున్నవారు 'స్థానిక కమ్మరులు' అన్న రెండు మాటల్లో కలిసిపోయారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలోనే ఉంది. ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టి బతికిన ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి, తన కొలిమిలో ఈ పాత ఉక్కును తిరిగి తయారుచేసే ప్రయత్నం ఏళ్ల తరబడి సాగించాడు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో లోహశాస్త్ర ఆచార్యుడు జాన్ వెర్హోవెన్ ఆయనతో చేతులు కలిపాడు. ఉక్కులో అతి స్వల్పంగా ఉండే వనేడియం వంటి మూలకాలే ఆ అలల గీతలకు కారణమని వారు తేల్చారు. 1998లో వెలువడిన వారి పరిశోధనా పత్రం మీద నాడాలు కొట్టే కమ్మరి పేరు ఆచార్యుడి పేరు పక్కనే అచ్చయింది. మన దగ్గర వృత్తికులాల జ్ఞానం మీద పరిశోధన చేసి డాక్టరేట్లు అందుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆ జ్ఞానం ఇచ్చినవారికి చోటు దొరికేది ముందుమాట చివరి కృతజ్ఞతల్లోనే.

మన ఊళ్ళో కమ్మరి స్థానం ఏమిటో గుర్తు చేసుకుందాం. నాగటి కర్రు చరిచినందుకు, కొడవలికి పదును పెట్టినందుకు, బండి చక్రానికి పట్టా వేసినందుకు అతనికి రొక్కం ముట్టేది కాదు. పంట ఇంటికి చేరే ముందు కల్లం దగ్గర మేర కింద కొన్ని గింజలు కొలిచేవారు. కొలిచే చేయి పటేలుది, చాచే చేయి కమ్మరిది. కరువొస్తే మేర తగ్గేది, కర్రులు తగ్గేవి కావు. ధర అడిగే హక్కు లేని చోట నైపుణ్యం పెరిగినా ఫలితం కొనేవాడికే పోతుంది. కొత్త పనిముట్టు కనిపెట్టిన కమ్మరికి ఒక గింజ కూడా ఎక్కువ రాదు. మన వృత్తి విజ్ఞానం ఎందుకు ఆగిపోయిందని అడిగేవారు ఈ లెక్క చూడాలి.

ఇక్కడ మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. కొలిమి తిత్తికి తోలు ఇచ్చినవాడు మాదిగ. ఆ తిత్తి ఊదకపోతే మా నిప్పు రాజుకోదు. అయినా జంధ్యం వేసుకున్న మా పెద్దలు మాదిగ రైతు తెచ్చిన కర్రును దూరంగా నేల మీద పెట్టించి, నీళ్ళు చల్లి తీసుకునేవారని మా ఇంట్లోనే విన్నాను. బ్రాహ్మణుడితో సమానమని నిరూపించుకోవడానికి పడ్డ తపనలో సగం, పక్కనున్న శ్రామికుడితో కలవడానికి పడి ఉంటే మా చరిత్ర వేరుగా ఉండేది. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని 1936లో అంబేడ్కర్ చెప్పిన మాటకు కొలిమికీ తోలుతిత్తికీ మధ్య గీసిన ఆ గీతే సాక్ష్యం.

ఇప్పటి పెద్ద అంబర్‌పేట్‌కు వద్దాం. విజయవాడ రహదారి అవుటర్ రింగ్ రోడ్డును కలిసే ఈ చోట పొలాలు ప్లాట్లయ్యాయి. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది, ట్రాక్టర్ వెనుకే రియల్ ఎస్టేట్ బోర్డు వచ్చింది. కమ్మరి కుటుంబాల్లో మగపిల్లలు వెల్డింగ్ షాపుల్లో, గేట్లు, గ్రిల్స్ చేసే చోట, ఆటోనగర్ షెడ్లలో కుదురుకున్నారు. రహదారి పక్కన అక్కడక్కడా గుడారాలు వేసుకొని గొడ్డళ్లు, కొడవళ్లు కొట్టి అమ్మే సంచార కుటుంబాలు కనిపిస్తాయి. మొగుడు పట్టకారుతో ఇనుము పట్టుకుంటే పెళ్ళాం సమ్మెటతో కొడుతుంది. వారు వాడేది పాత లారీల కమాను పట్టీ. విదేశాల్లో అభిరుచి కమ్మరులు '5160' అనే అంకెతో ముచ్చటగా చెప్పుకొనే ఉక్కు ఈ కోవదే. ఇనుము అయస్కాంతానికి అంటుకోని వేడికి చేరిందో లేదో చూసి పదును పెట్టాలని అక్కడివారు పుస్తకాల్లో చదివి నేర్చుకుంటారు. ఈ తల్లి ఆ వేడిని రంగు చూసి చెబుతుంది. అక్కడ ఆ చాకుకు పెట్టెలో పెట్టి వందల డాలర్లు ఇస్తారు. ఇక్కడ కొడవలి దగ్గర కారు ఆపి ఇరవై రూపాయలు తగ్గించమంటారు.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనను. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. 13,000 కోట్ల రూపాయల కేటాయింపు, 18 వృత్తులు, పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. డబ్బు అవసరమే, కాదనను. కానీ ఈ పథకం భాషలో గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి అన్న మాటలున్నాయి. తమిళనాడు ప్రభుత్వం సరిగ్గా ఇక్కడే అభ్యంతరం చెప్పింది. దరఖాస్తుదారుడి కుటుంబం సంప్రదాయంగా ఆ వృత్తిలో ఉండాలన్న షరతు తొలగించమని 2024లో కోరి, తర్వాత కులంతో నిమిత్తం లేని సొంత పథకం తెచ్చింది. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అభిరుచి కమ్మరికి కొలిమి ఒక ఎంపిక. కమ్మరి బిడ్డకు మాత్రం అది వారసత్వంగా వచ్చిన అప్పు. పుట్టుక ఆధారంగా అప్పు ఇచ్చి కొలిమి దగ్గరే కూర్చోబెడితే, కులవృత్తికి కొత్త తిత్తి కొనిచ్చినట్టే.

అలాగని కొలుములన్నీ ఆర్పి మరిచిపోదామనీ అనలేను. అలా మరిచిపోతే మన జ్ఞానాన్ని రేపు వారాంతపు శిక్షణగా మనమే ఫీజు కట్టి నేర్చుకుంటాం. కమ్మరి వీధిలో సూదులమ్మడం అన్న సామెత అప్పుడు నిజమవుతుంది.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. జేఎన్‌టీయూ మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ వర్క్‌షాపులో వడ్రంగం, ఫిట్టింగ్, రేకు పని, పోత పని, వెల్డింగ్‌లతో పాటు కమ్మరం కూడా ఉంది. అన్ని కులాల పిల్లలూ అక్కడ కడ్డీ కాల్చి ఎస్ ఆకారపు కొక్కెం చేసి మార్కులు తెచ్చుకుంటారు. అక్కడ నేర్పేవాడిని సహాయకుడిగా కాక బోధకుడిగా నియమించాలి. డిగ్రీ లేని నిపుణుడి అనుభవాన్ని పరీక్షించి అర్హత పత్రం ఇచ్చే పద్ధతి నైపుణ్య శిక్షణ పథకాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని జీతంతో, పదోన్నతితో ముడిపెట్టాలి. కోనసముద్రంలో ఉక్కు చరిత్రకు ఒక మ్యూజియం, దాని పక్కనే ఎవరైనా చేరగల లోహ శిక్షణశాల రావాలి. ఆడపిల్లలకూ దళిత పిల్లలకూ అందులో మొదటి వరుసలో చోటుండాలి. విశ్వవిద్యాలయాలు వృత్తి జ్ఞానం మీద చేసే పరిశోధనలో ఆ జ్ఞానం ఇచ్చినవారి పేరు రచయితల వరుసలో రావాలి. తెలంగాణ ఉద్యమానికి సిద్ధాంతం ఇచ్చిన జయశంకర్, మా దారిలోనే ఉన్న ఎల్బీనగర్‌లో 2009లో తనను తాను దహించుకున్న శ్రీకాంతాచారి ఈ విశ్వకర్మ సమూహం బిడ్డలే. వారి రాష్ట్రం ఈపాటి పని చేయలేదా?

కమ్మరి బిడ్డకు కొలిమిని వదిలి వెళ్ళే హక్కు కావాలి. వెళ్ళి, చదివి, సంపాదించి, మనసైతే తిరిగి వచ్చి ఇనుము కొట్టే హక్కు కూడా కావాలి. మొదటి హక్కు లేనిదే రెండోదానికి అర్థం లేదు. ఆ రెండూ దక్కిన రోజున మా పిల్లలకు కూడా కొలిమి అభిరుచి కాగలదు.