కౌంటర్ వెనక నిలబడిన ఆవిడ

ఐస్‌క్రీం అమ్ముకునే మనిషి రాత్రికి రాత్రి దేశానికి శత్రువు ఎలా అవుతాడండీ? 1940 జూన్ 10న బ్రిటన్‌లో అయ్యాడు. ఆ సాయంత్రం ముస్సోలినీ యుద్ధం ప్రకటించాడు. రాత్రయ్యేసరికి ఎడిన్‌బరో, గ్లాస్గోల్లో జనం ఇటలీవాళ్ళ కొట్ల అద్దాలు పగలగొట్టేశారు. అక్కడికొచ్చి 20 ఏళ్ళు నిండని ఇటలీ మగవాళ్ళని, 16 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళని, పట్టుకోమని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. అనుమానితుల జాబితా ఇంకొకటి వేరే. కోర్టు లేదు, వాదన లేదు.

ఎడిన్‌బరోని ఆనుకుని ఉన్న లీత్‌లో పావొలోజ్జీ కుటుంబానికి ఐస్‌క్రీం కొట్టు ఉండేది. ఆ ఇంటి తండ్రినీ, తాతనీ, ఇంకో దగ్గరి బంధువునీ తీసుకెళ్ళారు. పదహారేళ్ళ కొడుకు ఎడ్వార్డోని జైల్లో పెట్టారు. పెద్దవాళ్ళని కెనడా పంపడానికి లివర్‌పూల్‌లో అరండోరా స్టార్ అనే ఓడ ఎక్కించారు. జులై 2 పొద్దున ఐర్లండ్ దగ్గర్లో జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. 800 మందికి పైగా పోయారు. అందులో 400 మందికి పైగా ఇటలీవాళ్ళే. ఆ ఇంటి ముగ్గురూ పోయారు.

ఆ తండ్రికి ముస్సోలినీ అంటే అభిమానం. కొడుకుని వేసవి సెలవుల్లో ఇటలీలోని ఫాసిస్టు శిబిరాలకి పంపేవాడు కూడా. ఇది దాచి జాలి పుట్టించడం నాకిష్టం లేదు. ఫ్రాన్స్ కూలిపోతోంది, తర్వాత మనమే అని బ్రిటన్‌వాళ్ళు వణికిపోతున్న రోజులవి. భయం అర్థమవుతుంది. కానీ అనుమానం ఉంటే పిలిచి అడగాలి కదా? అడిగే ఓపిక లేక ఓడెక్కించడం భద్రత ఎలా అవుతుంది?

చరిత్ర పుస్తకాల్లో ఓడ ఉంటుంది, జలాంతర్గామి ఉంటుంది. నా ఆలోచన మాత్రం ఆ తల్లి చుట్టూనే తిరుగుతుంది. మూణ్ణెల్లకి కొడుకు విడుదలై వచ్చాక ఇద్దరూ కలిసి మళ్ళీ అదే కొట్టు నడిపారు. మొగుడు పోయాడు, తండ్రి తరం పోయింది, అయినా పొద్దున్నే తలుపు తీయాలి. తీస్తే వచ్చేదెవరు? ఆ వీధివాళ్ళే. ఇటలీవాళ్ళ కొట్ల మీద రాళ్ళేసిన చేతులు కూడా అందులో ఉండే ఉంటాయి. చిల్లర లెక్కపెట్టి ఆ చేతుల్లోనే పెట్టాలి, నవ్వు మొహంతో. వ్యాపారం చేసే ఇంటి ఆడవాళ్ళకి ఆ నవ్వు ఖరీదు తెలుసు.

ప్రభుత్వాన్ని తిట్టడం సులువు. ప్రభుత్వానికి వాళ్ళు ఫైల్లో పేర్లు. వీధికి అలా కాదు, వాళ్ళు రోజూ చూసే మొహాలు. నా దృష్టిలో పెద్ద తప్పు వీధిదే.

ఇదంతా దొరల దేశం కథ అనుకోకండి. 1962లో చైనాతో యుద్ధమొచ్చినప్పుడు మనమూ అస్సాం, బెంగాల్ వైపు తరాలుగా బతుకుతున్న చైనా మూలాల వాళ్ళని సుమారు 3,000 మందిని రైళ్ళెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టాం. ఆడవాళ్ళు, పసిపిల్లలతో సహా. తిరిగొచ్చేసరికి ఇళ్ళు, కొట్లు వేలంలో పోయినవాళ్ళున్నారు. మన స్కూలు పుస్తకాల్లో ఆ యుద్ధం గురించి చదివాం, వీళ్ళ గురించి ఒక్క వాక్యం చదివిన గుర్తు నాకైతే లేదు.

ఎడ్వార్డో తర్వాత పేరున్న శిల్పి అయ్యాడు. పిల్లల దగ్గరికి లండన్ వెళ్ళొచ్చిన అమ్మలు టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్ గోడల మీద రంగురంగుల మొజాయిక్ చూసే ఉంటారు. అది అతని పనే. తండ్రిని ఓడెక్కించిన ఆ దేశమే అతనికి సర్ బిరుదు కూడా ఇచ్చింది.