గనిలేని కొలిమి

విశాఖ ఉక్కు కర్మాగారమునకు నష్టము వచ్చినదనగనే అధికారుల చూపు మొదట కూలివాని జీతముపై పడుచున్నది. 2025 జనవరిలో కేంద్రప్రభుత్వము 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించెను, సంతోషమే. ఆ యేడే స్వచ్ఛంద పదవీవిరమణలును, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులును సాగినవి.

ఖర్చులు పెరిగినమాట నిజము. కాని యెచ్చట పెరిగినవి? కొలిమికి వలయు మేలిబొగ్గు ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి ఓడలలో రావలెను. ఇనుప ఖనిజమును బజారుధరకు కొనవలెను. టాటావారికి సొంతగనులు కలవు. ప్రభుత్వపు భిలాయి కర్మాగారమునకును కలవు. 1966లో 32 మంది ప్రాణములర్పించిన యుద్యమమువలన వచ్చిన విశాఖ కర్మాగారమునకు మాత్రము ఆ భాగ్యము లేకపోయెను! బైలదిల్లా ఖనిజము ఈ యూరి రేవునుండియే దశాబ్దములుగా జపానునకు ఎగుమతియైనది. అదే యూరి కొలిమి యా ఖనిజమునే వెలపెట్టి తెచ్చుకొనవలసివచ్చినది. ఇంతకంటె వింత యేమున్నది?

ఈ కర్మాగారమునకు యజమాని కేంద్రప్రభుత్వమే. గనులున్న రాష్ట్రములను సంప్రదించి, ప్రభుత్వసంస్థలకై ఖనిజభూములను ప్రత్యేకించు నధికారమును చట్టము ఆ ప్రభుత్వమునకే యిచ్చినది. కార్మికులను తగ్గించుటకు ముందు చేయవలసిన పని యిది. రానున్న పార్లమెంటు సమావేశములలో మన సభ్యులు ఈ యొక్కదానినే గట్టిగా అడుగుదురు గాక.