ఎఱిగియు నాచరింపని విద్య

ఆచరణమునకు రాని జ్ఞానమునకు విలువ కలదా యని పఠనమందిరములలో తఱచు చర్చ జరుగుచుండును. దీనికి సమాధానము మన సికిందరాబాదే చెప్పుచున్నది. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన రోనాల్డు రాసు అను వైద్యుడు అచ్చటనే దోమ యుదరములో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

పనామా కాలువను త్రవ్వ మొదలిడిన ఫ్రెంచివారు వేలకొలది జనులను జ్వరములకు బలియిచ్చి 1889లో పని విడిచిరి. 1904లో వచ్చిన అమెరికావారు గోర్గాసు అను వైద్యుని యాధ్వర్యమున మడుగుల నెండగట్టిరి. నిలువనీటిపై నూనె చల్లిరి. కిటికీలకు తీగెతెరలు కట్టిరి. 1914లో కాలువ పూర్తియయ్యెను.

జ్ఞానము పుట్టిన చోటు మనది. దాని ఫలము ననుభవించిన చోటు మఱియొకటి. దోమగ్రుడ్డు ఱెక్కల పురుగగుటకు రమారమి వారము, పది దినములు పట్టును. వారమున కొకమాఱు తొట్టెలను ఖాళీచేసి యారబెట్టినచో ఆ పుట్టుక యాగును. ఈ సంగతి బడిపిల్లలకును తెలియును. అయినను మన పెరళ్లలో నీరు నిలిచియే యున్నది. పురపాలక సంఘము ఉపేక్షించినపుడు నిందింపవలసినదే. కాని మన పెరటి తొట్టె పురపాలక సంఘముది కాదు. 1947లో స్వరాజ్యము వచ్చినది. మన వాకిలి మనము చక్కబెట్టుకొనుటయు స్వరాజ్యములోని భాగమే.

రాసు కనుగొన్నది నిష్ఫలమని మేమనము. విత్తు విత్తే, కాని గాదెలో నున్నంతవఱకు పంట కాదు. ఇది చదివిన సోదరులు లేచిపోయి ఒక్క తొట్టెను బోర్లించినచో మా వ్రాత సార్థకమగును.