స్ప్రే కొడితే గండుచీమలు పోవు

వానలు మొదలవగానే చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. గోడ వెంబడి గండుచీమల బారు కనిపిస్తుంది. ఎవరో ఒకరు స్ప్రే తెస్తారు. ఒక్క నిమిషంలో బారు మాయం. రెండు మూడు రోజులకి అదే గోడ మీద మళ్లీ అదే బారు. నన్నడిగితే ఇది ఎర్రర్ మెసేజ్ డిలీట్ చేసి బగ్ పోయిందనుకోవడమే. మనకి కనిపించేవి తిండి కోసం బయటికొచ్చిన కూలీ చీమలు మాత్రమే. రాణీ, గుడ్లూ గూట్లో క్షేమంగా ఉంటాయి. రాణి ఉన్నంతకాలం కొత్త కూలీలు పుడుతూనే ఉంటాయి.

ముందు మన చీమ ఏదో తెలుసుకోవాలి. ‘కార్పెంటర్ యాంట్స్’ అని వెతికితే వచ్చేవి ఎక్కువగా అమెరికా సలహాలు. అక్కడ చాలా ఇళ్లు చెక్క ఫ్రేములతో కడతారు. తడిసి మెత్తబడిన చెక్కని ఆ చీమలు తొలిచి గూడు చేసుకుంటాయి. చెక్కని తినవు, పొట్టు బయట పారేస్తాయి. మన గండుచీమది కూడా అదే కాంపొనోటస్ ప్రజాతి. కానీ ఇది ఎక్కువగా చెట్ల మొదళ్ల దగ్గర మట్టిలో గూడు పెడుతుంది. మన దర్వాజాలు తినేది చెదపురుగు. అది మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తుంది కాబట్టి తేడా ఇట్టే తెలుస్తుంది. చెదల మందు తెచ్చి గండుచీమల మీద పోయడం దండగ.

మరి ఇవి దేనికోసం వస్తాయి? తీపి కోసం. పెరట్లో మందార కొమ్మల మీద తెల్లగా పిండినల్లి ఉందేమో చూడండి. అది వదిలే తియ్యటి జిగురు గండుచీమలకి ఇష్టం. అందుకే ఆ పురుగులకి కాపలా కూడా కాస్తాయి. ఆ కొమ్మ గోడకి ఆనుకుని ఉంటే అదే వాటికి వంతెన. కొమ్మ కత్తిరించి, పిండినల్లిని నీళ్లతో గట్టిగా కడిగి, వేపనూనె కొడితే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం మన సబ్జెక్టులోనే ఉంది. చీమలు దారిలో వదిలే ఫెరోమోన్ వాసన చూసి, మార్కో డోరిగో 1992లో తన పీహెచ్‌డీ థీసిస్‌లో ఒక అల్గారిథమ్ తయారుచేశాడు. ఎక్కువమంది నడిచిన దారికి వాసన పెరుగుతుంది, నడవకపోతే ఆవిరైపోతుంది. ఇది పరీక్షలో రాస్తాం, ఇంట్లో మాత్రం వాడం. సబ్బునీళ్లతో బారు తుడిస్తే దారి చెరిగిపోతుంది. పంచదార డబ్బా మూత బిగిస్తే మళ్లీ ఆ దారి వేసే అవసరం వాటికి ఉండదు.

అయినా వస్తుంటే రాత్రి టార్చి పట్టుకుని వెనకాలే వెళ్లండి. ఇవి రాత్రిపూటే ఎక్కువ తిరుగుతాయి. గూడు ఎక్కడుందో అవే చూపిస్తాయి. క్యారమ్స్ ఆడేవాళ్లకి తెలిసిన బోరిక్ పౌడర్‌ని పంచదార నీళ్లలో చాలా కొద్దిగా కలిపి దారిలో పెట్టాలి. ఎక్కువైతే చీమ గూటికి చేరకముందే చస్తుంది. తక్కువైతేనే అది వెళ్లి మిగతావాటికి నోటితో పంచుతుంది. పిల్లలకీ కుక్కలకీ అందకుండా పెట్టడం మాత్రం తప్పనిసరి.

‘ఇంత తతంగం ఎందుకు, పొడి చల్లితే పోలా?’ అంటారు. చీమల పొడిని ఇప్పటికీ చాలామంది గమాక్సిన్ అనే పిలుస్తారు. అసలు గమాక్సిన్ అంటే బీహెచ్‌సీ. దాన్ని మన దేశంలో 1997లోనే నిషేధించారు. పేరు మాత్రం పోలేదు, చల్లే అలవాటూ పోలేదు. ప్యాకెట్ మీద ఏ మందు ఉందో కూడా చదవకుండా, పసిపిల్లలు పాకే నేల మీద, మనం కూర్చుని అన్నం తినే చోట చల్లుతున్నాం. గండుచీమకి కొండి కూడా లేదు. కరిచి కాస్త యాసిడ్ చిమ్ముతుంది, మంట పుడుతుంది, అంతే. దానికోసం ఇంట్లో విషం చల్లుకోవడం నాకైతే లెక్క కుదరట్లేదు.

పెరటి చివర చెట్టు కింద గూడుంటే దాన్ని వదిలేయండి. చచ్చిన పురుగుల్ని ఎత్తుకెళ్లి అవి మనకి పనే చేసిపెడతాయి. ఇంట్లోకి వచ్చినప్పుడు మాత్రం, స్ప్రే అందుకునే ముందు, అవి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతున్నాయో ఒక్క ఐదు నిమిషాలు చూడండి చాలు.