నాలుగు మీటలు నొక్కాం, మన వాటా ఎంత?

2026 జనవరి 15న వరాలా తలావ్ చుట్టుపక్కల బూత్‌లలో మనం ఒక్కొక్కరం ఒకటి కాదు, చాలా ప్రభాగ్‌లలో నాలుగేసి సార్లు మీట నొక్కాం. అ, బ, క, డ అని నాలుగు స్థానాలు, నాలుగు ఓట్లు. ఇంటికొచ్చాక చాలామందికి ఒక లెక్క తోచి ఉంటుంది: ఒక్క ఓటు ఉన్నప్పుడు ఒక్కరే గెలిచేవారు, ఇప్పుడు నలుగురు గెలుస్తారు, కాబట్టి అందులో మనవాడు ఒక్కడైనా ఉండాలి కదా? వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఓట్లు సీట్లుగా మారే దారి అలా లేదు. పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో రెండు మూడు తరాలుగా సాంచాల మధ్య బతుకుతున్న మనం ఈ దారిని ఒకసారి సరిగా తెలుసుకోవాలి.

ముందు మామూలు పద్ధతి చూద్దాం. లోక్‌సభకు, అసెంబ్లీకి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలుస్తారు. సగం దాటాలన్న నియమం లేదు. 2024లో మన భివండీ లోక్‌సభ స్థానంలో సురేశ్ మ్హాత్రేకు దాదాపు 4.99 లక్షల ఓట్లు, కపిల్ పాటిల్‌కు 4.33 లక్షలు, స్వతంత్ర అభ్యర్థి నీలేశ్ సాంబ్రేకు 2.31 లక్షలు వచ్చాయి. రెండు, మూడు స్థానాల వారి ఓట్లు కలిపితే గెలిచిన వారి ఓట్ల కంటే ఎక్కువ. అయినా సీటు ఒక్కటే, అది మొదటివారిదే.

మన పెద్దల ఊళ్ల వైపు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 సీట్లు. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా సుమారు 39 శాతమే, సీట్లు మాత్రం 11. ఎన్ని ఓట్లు అన్నది ఒక్కటే చాలదు. అవి ఎక్కడెక్కడ పడ్డాయి, ఎదుటివాళ్లు చీలారా కలిశారా అన్నదీ సీట్లను తేలుస్తుంది.

ఇక మన మహానగర పాలిక సంగతి. మొత్తం 90 స్థానాలు, 23 ప్రభాగ్‌లు. ఒక ప్రభాగ్‌లో నాలుగు స్థానాలున్నా, నాలుగింటికీ కలిపి ఒకే లెక్క జరగదు. అ స్థానానికి ఒక పోటీ, బ స్థానానికి వేరే పోటీ. ప్రతి దానిలోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత. నాలుగుసార్లు ఓటు వేసేది మాత్రం అదే జనం.

ఒక ఊహా ప్రభాగ్ తీసుకుందాం. ఓటు వేసినవారు 10,000 మంది. ఒక వర్గం 4,500, ఇంకొకటి 3,000, మన తెలుగువాళ్లు 2,500. ఎవరివాళ్లు వారికే ఓటు వేస్తే అ స్థానంలో 4,500 వర్గం గెలుస్తుంది. బలోనూ అదే, కలోనూ అదే, డలోనూ అదే. సగం కూడా లేని వర్గానికి నాలుగు సీట్లు, మిగతా 5,500 మందికి సున్నా. మన నాలుగు ఓట్లూ ఒక్క అభ్యర్థికే వేద్దామంటే కుదరదు. ఒక స్థానానికి ఒకటే ఓటు, నచ్చకపోతే ఆ స్థానానికి నోటా.

ప్యానెల్ వల్ల మేలే లేదా అంటే, కొంత ఉంది. నాలుగు టికెట్లు పంచాల్సి వచ్చినప్పుడు పార్టీలు అన్ని వర్గాలనూ చూసుకుంటాయి. ఒక టికెట్ తెలుగువారికి ఇస్తే ఆ ఓట్లు ప్యానెల్ మొత్తానికి పడతాయన్నది వారి లెక్క. అలా గెలిచిన మనిషి మనవాడే. కానీ ఆ సీటు మన ఓట్ల హక్కుగా వచ్చింది కాదు, ప్యానెల్ కట్టినవారి చలవతో వచ్చింది. రేపు తెలుగు బడిలో టీచర్ల గురించో, సాంచాల కరెంటు గురించో సభలో నిలబడి మాట్లాడాల్సి వస్తే, ఆ మనిషి ముందు ఎవరి ముఖం చూస్తాడు?

ఇదే పద్ధతి పెద్ద ఎత్తున నడిచే దేశం ఒకటుంది, అక్కడా తెలుగువాళ్లున్నారు. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలీలుగా మన జనం వెళ్లిన మారిషస్. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు, ఓటరుకు మూడు ఓట్లు. 1982లో, మళ్లీ 1995లో ఒకే కూటమి ఆ 60కి 60 సీట్లూ గెలిచేసింది. 1982లో ఓడిన కూటమికి దాదాపు నాలుగో వంతు ఓట్లున్నా ఒక్క నియోజకవర్గ సీటూ దక్కలేదు. ఈ లోపం తెలిసే అక్కడి రాజ్యాంగం, ఓడినవారిలో మెరుగైనవారికి మరో 8 సీట్లదాకా ఇచ్చే ఏర్పాటు పెట్టింది. అయితే ఆ సీట్లకు లెక్కించేది నాలుగు వర్గాలనే. తెలుగువాళ్లు హిందువుల లెక్కలో కలిసిపోతారు, విడిగా వాటా లేదు.

దగ్గర్లోని సోలాపూర్ ఇంకో పాఠం. 1980, 1984లో గంగాధర్ కుచన్, 1989, 1991లో ధర్మణ్ణా సాదుల్ కాంగ్రెస్ తరఫున, 1996లో లింగరాజ్ వల్యాల్ బీజేపీ తరఫున లోక్‌సభకు వెళ్లారు. ముగ్గురూ మనవాళ్లే. పద్ధతి మామూలుదే, ఒక్క సీటు, ఎక్కువ ఓట్లు. మరి అక్కడ ఎలా సాధ్యమైంది? పట్నం తూర్పు భాగంలో తెలుగు జనం ఒకేచోట గుంపుగా ఉన్నారు, వారిని కాదని గెలవలేమని పార్టీలకు అర్థమైంది. మనం అంత మంది లేం. అందుకే మనకు ప్రభాగ్ గీత ఎక్కడ పడుతుందన్నది ప్రాణం. ఒకే వాడ రెండు ప్రభాగ్‌లలోకి చీలితే 2,500 ఓట్లు 1,250 చొప్పున రెండు చోట్ల పనికిరాకుండా పోతాయి.

వేరే దారి ఉంది, అది మన దేశానికి కొత్త కూడా కాదు. రాజ్యసభ సభ్యులను, విధాన పరిషత్‌లో కొందరిని ఎమ్మెల్యేలు ఎన్నుకునేది బదిలీ ఓటు పద్ధతిలో. ఓటరుకు ఒకటే ఓటు, అభ్యర్థుల పక్కన 1, 2, 3 అని ఇష్టం రాస్తారు. నాలుగు సీట్లుంటే అయిదో వంతు కంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవారికి సీటు ఖాయం. పైన చెప్పిన 10,000 ఓట్లలో ఆ హద్దు 2,001. అప్పుడు 4,500 వర్గానికి రెండు సీట్లు, 3,000 వర్గానికి ఒకటి, 2,500 ఉన్న మనకు ఒకటి. ఎవరి వాటా వారికి. తమ ఎన్నికలకు ఎమ్మెల్యేలు వాడుకునే న్యాయం మన ప్రభాగ్‌కు ఎందుకు పనికిరాదు?

సీట్లు వచ్చాక కూడా కథ ముగియదన్నదీ గుర్తుంచుకోవాలి. 2017లో మన పాలికలో కాంగ్రెస్‌కు 47 స్థానాలు, అంటే సొంత మెజారిటీ. 2019 డిసెంబరులో వారిలో 18 మంది అటువైపు ఓటేస్తే, నాలుగు సీట్ల కోణార్క్ వికాస్ ఆఘాడీకి చెందిన ప్రతిభా పాటిల్ 49-41తో మేయర్ అయ్యారు. 2022 జూన్ నుంచి ఎన్నికల దాకా అడ్మినిస్ట్రేటర్ పాలనే, అడగడానికి కార్పొరేటరే లేడు. ఈసారి ఏ పార్టీకీ 46 రాలేదు. ఇలాంటి సభలో ఒక్క గొంతుకు కూడా విలువ ఉంటుంది.

ప్రభాగ్‌కు ఎంతమంది అన్నది రాజ్యాంగంలో చెక్కిన మాట కాదు, రాష్ట్ర చట్టం. 2007లో ఒక్కరు, 2012లో ఇద్దరు, 2017లో నలుగురు అని మార్చుకుంటూ వచ్చారు. ముంబై పాలికలో ఇప్పటికీ వార్డుకు ఒక్కరే. ఇన్నిసార్లు మారింది కాబట్టి ఇంకోసారి మారగలదు. మన సమాజ్ సభలు ఎన్నికల నెలలో టికెట్ల కోసం తిరగడంతో ఆగకుండా, మూడు పనులు ఇప్పుడే మొదలుపెట్టాలి. ఓటరు జాబితాలో ప్రతి ఇంటి పేర్లు సరిచూడాలి. వచ్చేసారి ప్రభాగ్‌ల ముసాయిదా వచ్చినప్పుడు గడువులోగా అభ్యంతరాలు రాసివ్వాలి. నాలుగు సీట్ల ప్రభాగ్ ఉంచితే బదిలీ ఓటు పెట్టమని, లేదంటే ఒక్కరి వార్డు ఇవ్వమని ఎమ్మెల్యేలను అడగాలి. ఇది తెలుగువాళ్లకు మాత్రమే అడిగే ముష్టి కాదు. ఈ ఊళ్లో ఏదో ఒక ప్రభాగ్‌లో ప్రతి వర్గమూ తక్కువ సంఖ్యలోనే ఉంది.