అడ్డతీగలకి అర్థం ఉంది, మన అడ్రసుకి ఉందా?

మొన్న క్యాంటీన్లో, కొత్తగా చేరిన కుర్రాడు "మాది అడ్డతీగలండీ, రంపచోడవరం అవతల" అన్నాడు. టేబులంతా ఒకటే నవ్వు. "మరి నిలువు తీగలు ఏ ఊళ్ళో ఉంటాయి బాబూ?" అని ఒకాయన జోకు. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను.

పైగా "వింత పేర్లంటే మాకు భలే ఇష్టం" అని చెప్పుకుంటాం. అర్థం అడక్కుండా నవ్వేసి పోవడం ఇష్టం కాదు మాస్టారూ, బద్ధకం.

చివరికి ఆ కుర్రాడే చెప్పాడు. అడ్డతీగ అంటే పెద్ద పెద్ద చెట్ల మీదికి ఎగబాకే అడవి తీగ. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో మనం లొట్టలేసుకుంటూ తిన్న అడ్డాకు విస్తరి దాని ఆకులతో కుట్టిందే! నారతో తాళ్ళు పేనుతారు, గింజలు వేయించుకు తింటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు బహీనియా వాహ్లీ. ఆ కొండల్లోనే ఉన్న మారేడుమిల్లి పేరులోనూ మారేడు చెట్టు ఉంది, చూశారా?

కోడ్ రివ్యూలో వేరియబుల్‌కి టెంప్1 అని పేరు పెడితే మనం ఒప్పుకుంటామా? పేరు చూడగానే పని తెలియాలని క్లాసు పీకుతాం. మరి మనముండేది ఎక్కడండీ? ఫేజ్ 2, బ్లాక్ సి. లేదా, చెరువు కనబడని లేక్ వ్యూ. ఇవి టెంప్1, టెంప్2 కాక మరేంటి? అడ్డతీగల మాత్రం కామెంటు అక్కర్లేని పేరు.

కొత్త పేరు వింటే నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. వెంటనే "అంటే ఏంటండీ?" అని కూడా అడగండి. ఆ రోజు నేను అడగలేదు. సారీ తమ్ముడూ.