కణానికి వెలుగుదెబ్బ!

వానాకాలపు రాత్రి చెట్టునిండా మిణుగురు పురుగులు మెరుస్తూ ఉంటాయి. వాటిని ఇంకా బాగా చూద్దామని మీరు టార్చిలైటు వేశారనుకోండి. ఏమవుతుంది? ఆకులు కనిపిస్తాయి, మెరుపులు మాయమవుతాయి! మిణుగురును చూడాలంటే దీపం ఆర్పి, కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా ఓపిక పట్టాలి. బతికివున్న జీవకణాన్ని చూడటానికి కూడా అలాంటి ఓపికే కావాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

బడిలో ఉల్లిపొరను సూక్ష్మదర్శిని కింద చూసే ఉంటారు. కణం దాదాపు పారదర్శకంగా ఉంటుంది. అయోడిను చుక్క వేస్తేగాని లోపలి కేంద్రకం స్పష్టంగా కనిపించదు. కాని అయోడిను పట్టిన కణం బతకదు. కణం రెండుగా ఎలా చీలుతుంది, దాని లోపలి సరుకులు ఎటునుంచి ఎటు పోతాయి అన్నవి తెలియాలంటే, అది ప్రాణంతో ఉండగానే చూడాలి గదా!

అందుకు శాస్త్రజ్ఞులు వాడే ఉపాయం ప్రతిదీప్తి. కరెన్సీ నోటును ఊదారంగు దీపం కింద పెడితే దానిమీది అంకెలు మెరుస్తాయి. ఆ సిరా మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, కంటికి కనిపించే వెలుగును వదులుతుంది. ఒక రంగు వెలుగును పీల్చి మరో రంగు వెలుగునిచ్చే ఈ గుణానికి 'ఫ్లోరెసెన్స్' అని 1852లో స్టోక్స్ పేరు పెట్టాడు.

నీలి వెలుగు పడితే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీను ఒకటి జెల్లీచేపలో ఉన్నదని 1962లో ఒసాము షిమోమురా కనుగొన్నాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ ప్రోటీను జన్యువును ఒక చిన్న పురుగులో ప్రవేశపెట్టి, దాని నాడీకణాలను మెరిపించాడు. రోజర్ సియెన్ మరెన్నో రంగుల ప్రోటీనులు తయారుచేశాడు. 2008లో ఈ ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు కణంలో మనకు కావలసిన ప్రోటీనుకు ఈ చిన్న దీపాన్ని తగిలించి, అది ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడవచ్చు.

ఇంతవరకు బాగానే ఉంది. కాని ఈ దీపం తనంతట తాను వెలగదు. నీలి వెలుగు పడుతున్నంతసేపే మెరుస్తుంది. ఆ మెరుపు అన్ని దిక్కులకూ చెదరిపోగా కొంత భాగమే కటకంలోకి వస్తుంది. అందుచేత బొమ్మ మసకగా ఉంటుంది.

"ఇంకా గట్టి దీపం పెడితే సరిపోలేదా?" అంటారా? చాలామందికి మొదట తోచేది అదే. కాని దానివల్ల రెండు నష్టాలున్నాయి. ఎండలో ఆరేసిన రంగు చొక్కా వెలిసిపోయినట్లు, ఈ రంగు అణువులు కూడా వెలుగు దెబ్బకు చెడిపోయి మెరవడం మానేస్తాయి. ఇది మొదటి నష్టం. రెండోది మరీ పెద్దది. గట్టి వెలుగు పడినప్పుడు కణంలో ఆక్సిజనుకు సంబంధించిన చురుకైన పదార్థాలు పుట్టి, ప్రోటీనులను, జన్యుపదార్థాన్ని, కణం పైపొరను గాయపరుస్తాయి. కణం చీలడం ఆగిపోవచ్చు, చచ్చిపోవచ్చు కూడా. మనకు ఎండలో వడదెబ్బ తగిలితే దానికి తగిలేది వెలుగుదెబ్బ!

అప్పుడు ఫోటో చక్కగానే వస్తుంది. కాని అది దేని ఫోటో? జ్వరంతో మూలుగుతున్న మనిషిని చూసి, "ఈయన రోజూ ఇలాగే ఉంటాడు" అని రాసుకున్నట్లే కదా! అంచేత పెంచవలసింది దీపాన్ని కాదు, కంటిచూపును.

మన కన్ను తక్కువదేమీ కాదు. వెలుగు ఫోటాన్లనే చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. బాగా చీకటికి అలవాటుపడిన కంటిలో 5 నుంచి 14 ఫోటాన్లు ఇంకితే చాలు, మెరుపును గుర్తించగలమని 1942లో హెక్ట్, ఆయన సహచరులు అంచనా కట్టారు. కాని కన్ను తాను చూసిన వెలుగును నిమిషాల తరబడి కూడబెట్టలేదు, లెక్క రాసిపెట్టలేదు. ఆ పని కెమేరా చేస్తుంది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అనే ఇద్దరు సిసిడి అనే పరికరాన్ని ఊహించారు. వారికి 2009లో నోబెల్ బహుమతి లభించింది. అందులో సిలికాను పలకమీద లక్షలాది గళ్ళుంటాయి. గడిలో ఫోటాను పడితే ఒక ఎలక్ట్రాను ఊడివస్తుంది. ఆ ఎలక్ట్రాన్లను లెక్కపెడితే బొమ్మ తయారవుతుంది. నేటి మంచి కెమేరాలు తమకు అనువైన రంగులో, పడిన ప్రతి 100 ఫోటాన్లలో 90కి పైగా పట్టుకోగలవు.

చిక్కల్లా లెక్కపెట్టడంలోనే ఉంది. త్వరత్వరగా లెక్కిస్తే పొరపాటు వస్తుంది. గడిలో ఉన్నవి 5 ఎలక్ట్రాన్లయి, లెక్కలో పొరపాటే 10 ఎలక్ట్రాన్లయితే ఇంకేం తెలుస్తుంది? అందుకని 2000 సంవత్సరం ప్రాంతంలో, లెక్కించేముందే ఒక్కో ఎలక్ట్రానును వందల రెట్లు పెంచే కెమేరాలు వచ్చాయి. 2010 ప్రాంతంలో ప్రతి గడికీ సొంత వర్ధకం ఉన్న సీమాస్ కెమేరాలు వచ్చి, పొరపాటును ఒకటి రెండు ఎలక్ట్రాన్లకు తగ్గించాయి. వేడికి కూడా ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి కనుక, ఈ కెమేరాలలో పలకను బాగా చల్లబరుస్తారు.

అయినా ఒక హద్దుంది. సన్నని జల్లు పడేటప్పుడు గచ్చుమీద సుద్దముక్కతో సమానమైన గళ్ళు గీసి, చినుకులు లెక్కపెట్టండి. ఒక గడిలో 3 పడితే పక్కదానిలో 6 పడతాయి. వాన ఒకటే, లెక్కలు వేరు! ఫోటాన్లూ అంతే. సగటున 100 పడేచోట సుమారు 10 అటూ ఇటూ అవుతాయి. సగటున 4 పడేచోట 2 అటూ ఇటూ అవుతాయి, అంటే సగానికి సగం! అందుకే మసక వెలుగులో తీసిన బొమ్మ ఇసుక చల్లినట్లుంటుంది. ఎంత గొప్ప కెమేరా అయినా ఈ ఇసుకను పూర్తిగా తుడవలేదు.

కొందరికి ఆ ఇసుక నచ్చదు. నన్నడిగితే, కణాన్ని దయతో చూశామనడానికి అదొక గుర్తు. చచ్చిపోతున్న కణం తాలూకు నున్నని బొమ్మకంటే, బతికున్న కణం తాలూకు గరుకు బొమ్మే ఎక్కువ నిజం చెబుతుంది.

ఇలాంటి కెమేరాలకు లక్షల రూపాయలవుతాయి, దీపం చవక అనేవారున్నారు. నిజమే. కాని కెమేరా కొని, దీపం పాతంతే ఉంచి, మరిన్ని ఫోటోలు లాగితే కణానికి ఒరిగేదేముంది? డబ్బు ఖర్చులేని పద్ధతులు కూడా ఉన్నాయి. ఫోటోకూ ఫోటోకూ మధ్య వెలుగును మూసివేయాలి. అవసరమైనన్ని ఫోటోలే తీయాలి. అదే రకం కణాలను కొన్నింటిని చీకటిలో ఉంచి, రెండు గుంపులూ ఒకేలా పెరుగుతున్నాయో లేదో పోల్చి చూడాలి.

పుస్తకాలలో ఆకుపచ్చగా, ఎర్రగా మెరిసే కణాల బొమ్మలు మీకు కనిపిస్తూనే ఉంటాయి. ముచ్చటపడండి, తప్పులేదు. కాని మీలో ఎవరైనా రేపు సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటే, దీపం మీట తిప్పేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఫోటో తీసిన తరువాత కూడా ఈ కణం బతికి ఉంటుందా?